మూడవ పిన్ను

బడికి కంప్యూటరు వచ్చినదనిన సంతసింపని ఉపాధ్యాయుడుండడు. అరకు లోయలోను, పాడేరు మన్యములోను చదువుకొను గిరిజన బాలబాలికల విషయమున ఈ సంతోషము మరింత న్యాయమైనది. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులను పంచిపెట్టినది. యంత్రము వచ్చినది సరే. దాని వెంట రావలసిన రక్షణ వచ్చినదా యని విచారించువారు మాత్రము అరుదు.

ఇట్టి యంత్రముల భద్రతకు ప్రమాణములు లేకపోలేదు. 1906లో స్థాపితమైన అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 1986లో సమాచార యంత్రములకు 950 అను సంఖ్యతో ఒక ప్రమాణమును వెలువరించినది. తీగల నడుమ ఎంత ఎడముండవలెను, పైతొడుగు ఎట్లుండవలెను అని నిర్మాణమునకు కొలతలు చెప్పుట దాని పద్ధతి. కాలక్రమమున కంప్యూటరునకును టెలివిజనునకును గల భేదము చెరిగిపోగా, 2010లో రెండింటికిని కలిపి 62368 అను క్రొత్త ప్రమాణము పుట్టినది. ఐరోపాలోను అమెరికాలోను 2020 డిసెంబరు 20 నుండి పాతదాని స్థానమున ఇది నిలిచినది. మన దేశమున 2012 నాటి కేంద్రప్రభుత్వపు ఉత్తర్వు ల్యాప్‌టాపులు, ట్యాబులు, ప్రింటర్లు మున్నగువానికి భారతీయ ప్రమాణముల సంస్థ వద్ద నమోదును తప్పనిసరి చేసినది.

క్రొత్త ప్రమాణములోని ఆలోచన మెచ్చదగినది. యంత్రములో నొప్పిని గాని హానిని గాని కలిగింపగల శక్తి ఏది? అది తాకు దేహమెవరిది? ఆ రెంటి నడుమ అడ్డమేమున్నది? ఇవియే దాని ప్రశ్నలు. మనుష్యులను అది సామాన్యుడు, సూచనలు పొందినవాడు, నిపుణుడు అని మూడు తరగతులుగా విభజించినది. సామాన్యుని కాపాడు భారము నిర్మాతపై మోపినది. ముంచంగిపుట్టులోని బడిపిల్ల ఈ మొదటి తరగతిలోనిదే. ఆమెకు తెలియకపోవుట ఆమె నేరము కాదు.

కాని నిర్మాత కట్టిన అడ్డము ప్లగ్గు వరకే వచ్చును. గోడలోపలి పని మనది. సాధారణముగా ఈ యంత్రములను సముద్రమట్టమునకు 2000 మీటర్ల ఎత్తు వరకు లెక్కించి చేయుదురు. పైకిపోయినకొలది గాలి పలుచనై విద్యుత్తు సులువుగా దుముకును. కనుకనే చైనా 5000 మీటర్లకు లెక్క కోరినది. మన అరకు 900 మీటర్లకు కొంచెము పైన నున్నది కాబట్టి ఎత్తుతో మనకు చిక్కు లేదు. చిక్కంతయు నేలతోనే.

ప్లగ్గులోని మూడవ పిన్ను తక్కిన రెంటికంటె లావుగా, పొడవుగా నుండుట అలంకారమునకు కాదు. విద్యుత్తు రాకముందే భూమితో సంబంధము కలియుటకు అట్లు చేసిరి. ఆ సంబంధము లేనిచో కంప్యూటరు లోహపు పెట్టె వ్రేలికి చురుక్కుమనును. లోపల తీగ తెగి పెట్టెకు తగిలినచో ప్రాణమునకే ముప్పు. కొండలలోని రాతినేలలో, వేసవిలో ఎండిన మట్టిలో విద్యుత్తు సులభముగా దిగదు. ఎర్తు గుంట త్రవ్వి విడిచిపెట్టిన చాలదు. దానికి తడి తగ్గకుండ చూచి, ఏటేట పరీక్షింపవలెను. మూడవ పిన్నును విరిచి రెండు రంధ్రములలో దూర్చు అలవాటు మానవలెను.

ఆకలిగొన్నవానికి అన్నము చాలును గాని విస్తరి వంకలెందుకని కొందరందురు. విస్తరిలో ముల్లున్నచో వడ్డించినవాడే ఏరవలెను గదా! ఉరుములు మొదలు కాకముందే తీగలు ఊడదీయుట, ఉబ్బిన బ్యాటరీని వెంటనే ప్రక్కకు పెట్టుట, ఛార్జరు మీద నమోదు సంఖ్య ఉన్నదో లేదో చూచుట - ఇవి పెద్ద ఖర్చులు కావు.

భాషోపాధ్యాయులకు మరియొక పని కలదు. పెట్టెపై ఆంగ్లమున ముద్రించిన హెచ్చరిక కువి పలుకు బిడ్డకు, ఆదివాసీ ఒడియా పలుకు బిడ్డకు ఏమి బోధపడును? దానిని తెలుగులోను, వారి నుడిలోను చెప్పి, త్రికోణములోని మెరుపు గుర్తును అక్షరమువలె నేర్పవలెను. పాఠ్యపుస్తకములు రానిచో అడుగుచున్నాము. ఎర్తు పరీక్ష చీటీని కూడ అంత గట్టిగా అడుగవలెను. అది చేతికి వచ్చువరకు ఆ గదిలో స్విచ్చి వేయకుండుటయే ధర్మము.