బోస్టన్ రేవు దీపం

అమెరికా తూర్పు తీరంలో బోస్టన్ రేవు ముఖద్వారం దగ్గర లిటిల్ బ్రూస్టర్ అనే చిన్న రాతి దీవి ఉంది. ఇప్పటి అమెరికా గడ్డమీద మొట్టమొదటి లైట్‌హౌస్ వెలిగింది ఆ దీవిలోనే, 1716 సెప్టెంబర్ 14న. అప్పటికి మసాచుసెట్స్ బ్రిటిష్ వలస. దీవులు, నీటి అడుగు రాళ్ల మధ్య నుంచి ఓడలు రేవు చేరడం ప్రాణాంతకంగా ఉండటంతో బోస్టన్ వర్తకులు 1713లో వలస శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు. రెండేళ్లకు చట్టం వచ్చింది. వచ్చీపోయే ఓడల నుంచి టన్నుకు ఒక పెన్నీ చొప్పున దీపం ఖర్చు రాబట్టారు.

తొలి కాపలాదారు జార్జ్ వర్తీలేక్. జీతం ఏడాదికి 50 పౌన్లు. గొర్రెలు కూడా పెంచుకునేవాడు. ఒక చలికాలం తుఫానులో ఆయన గొర్రెలు 59 సముద్రం పాలయ్యాయి. దీపాన్ని వదిలి రాలేకపోవడం వల్లే మందను కాపాడుకోలేకపోయాడు. ఈ దీపం కథలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది ఇదే: ఓడలవాళ్లు సుఖంగా ఒడ్డు చేరడానికి ఒక మనిషి తన సొంత ఆస్తిని నీళ్లకు వదిలేశాడు. 1718 నవంబర్‌లో పడవ బోల్తాపడి వర్తీలేక్, భార్య, కూతురు మునిగిపోయారు. వాళ్ల దగ్గర బానిసగా ఉన్న షాడ్‌వెల్ కూడా పోయాడు. అన్న అచ్చుకూటంలో పని నేర్చుకుంటున్న పన్నెండేళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఈ విషాదం మీద పాట కట్టాడు. అది బాగా అమ్ముడుపోయింది. పద్యాలు రాసేవాళ్లు సాధారణంగా బిచ్చగాళ్లవుతారని తండ్రి మందలించడంతో ఆ దారి మానుకున్నాడు.

పొగమంచులో ఎంత దీపం పెట్టినా కనిపించదు. అందుకే 1719లో అక్కడ ఒక ఫిరంగిని పెట్టారు. మంచులో చిక్కుకున్న ఓడ తుపాకీ పేల్చితే దీవి నుంచి ఫిరంగి బదులిచ్చేది.

స్వాతంత్ర్య యుద్ధంలో ఈ దీపం ఇరుపక్షాలకూ బలైంది. బ్రిటిష్ నౌకలకు అక్కరకు రాకూడదని 1775 జూలైలో వలస సైనికులు రెండుసార్లు తగలబెట్టారు. 1776 జూన్‌లో వెళ్లిపోతూ బ్రిటిష్‌వాళ్లు మందుగుండు పెట్టి బురుజునే పేల్చేశారు. మసాచుసెట్స్ ప్రభుత్వం 1783లో మళ్లీ కట్టించింది. ఇప్పుడున్నది ఆ బురుజే. అడుగున గోడ మందం ఏడున్నర అడుగులు. 1859లో ఎత్తు పెంచి 89 అడుగులు చేశారు. అప్పుడే పైన ఫ్రెస్నెల్ కటకం అమర్చారు. దీపం చుట్టూ వందలాది గాజు పట్టకాలు వెలుగును పోగుచేసి పలుచని కిరణాలుగా దూరానికి పంపుతాయి. ఆ గాజు చట్రం తిరుగుతుంటే పది సెకన్లకొక మెరుపు కనిపిస్తుంది. కరెంటు రాకముందు బరువులు వేలాడదీసి దాన్ని తిప్పేవారు. బరువు కిందికి దిగినప్పుడల్లా కాపలాదారు దాన్ని పైకి చుట్టాలి, రాత్రి ఎన్నిసార్లయినా సరే. 1948లో కరెంటు వచ్చాక ఆ చాకిరీ తప్పింది.

మిగతా దీపాలన్నీ యంత్రాల చేతికి పోతున్న కాలంలో, ఇక్కడ మనిషి ఉండి తీరాలని అమెరికన్ కాంగ్రెస్ 1989లో చట్టం చేసింది. దీపం 1998లో ఆటోమేటిక్ అయినా ఆ చట్టం వల్లే కాపలాదారు కొనసాగారు. అది మంచి నిర్ణయం. దీపం యంత్రమే వెలిగించగలదు గానీ, వర్తీలేక్ ఎవరో వచ్చినవాళ్లకు చెప్పలేదు కదా. 2003లో సాలీ స్నోమన్ 70వ కాపలాదారుగా చేరారు. ఆ కొలువులో తొలి మహిళ ఆమే. 2023 చివర ఆమె పదవీ విరమణతో దేశంలో చివరి అధికారిక కాపలాదారు పదవి ముగిసింది.