ఇంటావిడ కూడా చూసి రావాలి!

"ఈసారి సెలవులకి కారేసుకుని ఓ వారం తిరిగొద్దామా?" అన్న మాట ఇంట్లో వినబడగానే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఇంటాయన టైర్లూ, పెట్రోలు లెక్కలూ చూసుకుంటారు. మన చెయ్యి మాత్రం తిన్నగా బియ్యప్పిండి డబ్బా మీదికి పోతుంది. జంతికలు ఎన్ని చెయ్యాలి, పులిహోరకి చింతపండు ఎంత నానబెట్టాలి, అత్తగారి మందులు ఏ సంచిలో పెట్టాలి... బయల్దేరే వేళకే సగం నీరసం!

పోనీ, అంత కష్టపడి వెళ్ళాక చూస్తామా అంటే అదీ అంతంతమాత్రమే. గుహ దగ్గర "మెట్లున్నాయి, నువ్వెందుకులే" అంటారు. మ్యూజియం దగ్గర "పాత రాళ్ళేగా" అంటారు. మనం కూడా ఎంతో ఉదారంగా "మీరు చూసి రండి, నేను సంచుల దగ్గర కూచుంటాను" అనేస్తాం. వందల కిలోమీటర్లు వెళ్ళి సంచులకి కాపలా కాసి రావడమన్నమాట!

అందుకని ఈ వారం ఒక పెద్ద ప్రయాణాన్ని మనమే కాగితం మీద వేసుకుందాం. దారి గీసేటప్పుడు మీరూ పక్కన కూచుంటేనే, చూసేటప్పుడు మీకూ చోటుంటుంది.

ముందు వారం చూడండి, తర్వాతే తేదీ

మచ్చుకి ఒక దారి చెబుతాను. హైదరాబాదులో బయల్దేరి అలంపురం, నంద్యాల, బెలుం గుహలు, గండికోట, కదిరి, తిరుపతి చూసుకుని, నెల్లూరు, ఒంగోలు మీదుగా నాగార్జునసాగర్ వచ్చి ఇల్లు చేరడం. అంతా కలిపి సుమారు 1400 కిలోమీటర్లు, ఏడు రోజులు. చుట్టు దారి కాబట్టి విజయవాడ వాళ్ళు సాగర్ దగ్గరా, అనంతపురం వాళ్ళు కదిరి దగ్గరా కలుసుకోవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. వేసవిలో మాత్రం రాయలసీమ ఎండ పిల్లలకీ పెద్దవాళ్ళకీ పడదు.

తేదీ కంటే ముందు వారం ఎందుకు చూడాలంటారా? మన పురావస్తు మ్యూజియంలకి చాలావరకు శుక్రవారం సెలవు. అది చూసుకోక తాళం కప్పకి దండం పెట్టి వచ్చేవాళ్ళు ఎందరో! గుహలకీ లోయలకీ ఆ బాధ లేదు. కాబట్టి గురువారం బయల్దేరండి. ఆ రోజు అలంపురం మ్యూజియం అయిపోతుంది. శుక్రవారం గుహలూ, గండికోటా. శనివారం కదిరి. ఆదివారం చంద్రగిరి. సోమవారం తిరుమల. మంగళవారం అంతా ప్రయాణం. బుధవారం నాగార్జునకొండ చూసుకుని రాత్రికి ఇల్లు. గండికోటకి శుక్రవారం చేరడంలో ఇంకో లాభం ఉంది. శని, ఆదివారాల్లో బెంగుళూరు నుంచి వచ్చే జనం తాకిడి తప్పుతుంది.

కిలోమీటర్లతో కాకుండా గంటలతో లెక్క వెయ్యండి. ఫోనులో మ్యాపు నాలుగు గంటలంటే మీరు ఆరు అనుకోండి. ఆ మ్యాపుకి పాలసీసా తెలీదు, అత్తగారి మోకాళ్ళు తెలీవు! చీకటి పడ్డాక కారు నడపకూడదని బయల్దేరే ముందే మాట తీసుకోండి. అద్దె కారైతే రోజుకి ఎన్ని కిలోమీటర్లు, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి ఆయన పడక ఎక్కడ అన్నవి ముందే మాట్లాడేసుకోవాలి.

ఏమేం చూస్తాం?

మొదటిరోజు అలంపురం. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలూ, పక్కనే శిల్పాల మ్యూజియమూ ఉన్నాయి. అక్కడి సంగమేశ్వరాలయం ఒకప్పుడు కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని రాయి రాయీ విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్ళీ పేర్చారు. ఇల్లు మారేటప్పుడు గాజు సామాను కాగితాల్లో చుట్టి సర్దినవాళ్ళకి తెలుస్తుంది, అదెంత పనో! సాయంత్రం నంద్యాల వెళ్ళే దారిలో ఓర్వకల్లు దగ్గర రాతి తోట ఉంది. పిల్లలు కాళ్ళు సాగదీసుకోవడానికి బాగుంటుంది.

రెండోరోజు కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1982-83లో ఒక జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలిచింది. మొత్తం పొడవు 3229 మీటర్లు. మనల్ని వెళ్ళనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. ఈ గుహ ఎలా ఏర్పడిందో పిల్లలకి మీరే చెప్పగలరు, పుస్తకం అక్కర్లేదు. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర పేరుకుంటుంది చూడండి, నిమ్మచెక్క పెట్టి రుద్దితే గాని వదలదు. ఆ పొరా, ఈ సున్నపురాయీ ఒకే జాతి. గాలిలోంచీ మట్టిలోంచీ కాస్త పులుపు పట్టిన వాననీరు వేల ఏళ్ళపాటు రాతి సందుల్లో ఇంకి, సున్నాన్ని కరిగించి దారులు చేసింది. చుక్క చుక్కగా కారిన చోట ఆ సున్నమే మళ్ళీ పేరుకుని కప్పు నుంచి ఊడల్లా వేలాడుతోంది. మన గిన్నెలో నెల రోజుల పని అక్కడ యుగాల పని! లోపల ఉక్కగా ఉంటుంది. నూలు బట్టలూ, జారని చెప్పులూ వేసుకోండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు పైనే ఆగడం మంచిది.

అక్కడి నుంచి సుమారు 60 కిలోమీటర్లు వెళితే గండికోట. ఎర్రమల కొండల్ని పెన్నా నది కోసుకుంటూ వెళ్ళిన లోయ అది. సాయంత్రం ఎండకి ఆ రాళ్ళు ఎర్రగా మెరుస్తుంటే చూడాలి! కోటలో మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, పెద్ద ధాన్యాగారం ఉన్నాయి. ధాన్యాగారం తప్పకుండా చూడండి. ఇంటికి ఏడాది బియ్యం నిలవ చేసుకునేవాళ్ళకి ఊరి నిలవ ఎలా ఉండేదో తెలుస్తుంది. లోయ అంచున మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు. ఫోటోల కోసం పెద్దవాళ్ళు కూడా చివరికంటా వెళ్ళకూడదు. గదులు తక్కువ కాబట్టి ముందే తీసుకోవాలి. దొరక్కపోతే జమ్మలమడుగు దగ్గర్లోనే ఉంది.

మూడోరోజు కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను. ఒకే చెట్టు సుమారు నాలుగున్నర ఎకరాలకు పైగా పరుచుకుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అసలు మొదలు ఏదో, ఊడ ఏదో చెప్పలేం. అన్నం మూట విప్పుకోవడానికి ఇంతకన్న మంచి పందిరి ఉండదు. తిన్న తర్వాత ఆకూ కాగితం మాత్రం అక్కడ వదలకండి.

నాలుగోరోజు తిరుపతి దారిలోనే చంద్రగిరి కోట, రాజమహలులో మ్యూజియం. అయిదోరోజు తిరుమల. దర్శనం టికెట్లు నెలల ముందే చూసుకోవాలి. ఎన్నిసార్లు కొండకెళ్ళినా శిలాతోరణం చూడనివాళ్ళు చాలామంది. గుడికి కిలోమీటరు దూరంలోనే ఉంది. ఏ శిల్పీ చెక్కకుండా గాలీ, నీరూ మలిచిన రాతి వంపు అది. జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తింపు ఉంది. కొండమీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం, స్టీలు సీసా పట్టుకెళ్ళండి.

ఆరోరోజు 400 కిలోమీటర్ల పైమాటే. తెల్లారి ఆరుకే బయల్దేరి నెల్లూరులో టిఫినూ, ఒంగోలులో భోజనమూ పెట్టుకుంటే చీకటి పడేలోపు సాగర్ చేరొచ్చు.

పాత రాళ్ళేనా?

ఏడోరోజు నాగార్జునకొండ. దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1955లో సాగర్ ఆనకట్టకి పునాది వేశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. దొరికినవాటిని కొండమీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ళ మధ్య దీవి. లాంచీలో వెళ్ళాలి. గాలివాన ఉంటే లాంచీలు ఆపేస్తారు, అందుకని వేళలు ముందురోజే కనుక్కోండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ లోయలో దొరికిన శాసనాల్లో దానాలు చేసినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు! రాజుగారి సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. ఆమెదంటే రాచకుటుంబం. బోధిశ్రీ అనే ఉపాసిక ఉంది చూడండి, రాణి కాదు, గృహస్థురాలు. చైత్యగృహం కట్టించి, ఇంకా ఎన్నో చోట్ల దానాలు చేసి, తన చుట్టాల పేర్లన్నీ చెప్పి, అన్నీ రాతి మీద రాయించింది. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఒక ఇంటావిడ తన పేరు తానే నిలబెట్టుకుంది. "పాత రాళ్ళేగా" అన్నవాళ్ళకి ఈ కథ చెప్పి, వాళ్ళకంటే ముందు మీరే లోపలికి నడవండి.

పని పంచుకుంటేనే సెలవు

ఇంట్లో ఒక నోటుపుస్తకం తీసి, ఎవరికి వాళ్ళు తప్పక చూడాలనుకునే చోటు ఒక్కొక్కటి రాయమనండి. మీరూ రాయండి. "నాదేముందిలే" అన్న మాట వద్దు. ఆ చోట మాత్రం మీరు సంచుల దగ్గర కూచోరు, అదే షరతు. ఆ పుస్తకంలోనే పనులు కూడా రాసి పేర్లు పెట్టండి. మందులు ఒకరు, ఫోన్ల చార్జర్లు ఒకరు, గదుల లెక్క ఒకరు, కారులో చెత్త తియ్యడం పిల్లలు.

తిండి విషయంలో ఒక్కటే సూత్రం. మొదటిరోజుకి మాత్రమే ఇంటినుంచి అన్నం కట్టండి. పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. దద్దోజనంలో పాలెక్కువ పోసి, చెంచాడు పెరుగు మాత్రం కలిపితే మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా ఉంటుంది. తర్వాతి రోజులకి జంతికలూ, వేయించిన అటుకులూ, అరటిపళ్ళూ చాలు. మిగతాది హోటల్లో వేడివేడి ఇడ్లీ. వారం రోజులు వంటిల్లు మోసుకు తిరిగితే దాన్ని సెలవు అనరు!

ఇంకో మాట, మొహమాటం లేకుండా చెబుతున్నాను. దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో చాలామంది ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. తలనొప్పీ, మూత్రంలో మంటా, ఇన్ఫెక్షనూ అక్కడే మొదలవుతాయి. ప్రతి రెండు గంటలకీ కారు ఆగాలని ముందే చెప్పండి. టోల్ గేట్ల దగ్గరా, పెద్ద పెట్రోలు బంకుల్లోనూ వసతి ఉంటుంది. సబ్బూ, నీళ్ళ సీసా, ప్యాడ్లూ ఒక చిన్న సంచిలో పెట్టి సీటు కిందే ఉంచండి. తిరుమల ఉందని నెలసరి వాయిదా మాత్రలు ఎవరో చెప్పారని కొని మింగొద్దు. బి.పి., మైగ్రేన్, రక్తం గడ్డకట్టే తత్వం ఉన్నవాళ్ళకి అవి ప్రమాదం కావచ్చు. డాక్టరమ్మని అడిగే వేసుకోండి.

అత్తగారు గుహలోకి రాలేరు, నిజమే. అలాంటిచోట ఒక పూట మీవారు ఆవిడ దగ్గర కూచుంటారు. ఇంకో పూట మీరు కూచుంటారు. వంతులు వేసుకుంటే ఎవరికీ నొప్పి లేదు. ఆవిడకీ ఒక చోటు ఉంటుంది కదా, ముందు ఆవిడనే అడగండి. మర్రిమాను నీడలోనో, లాంచీ మీదో ఆవిడ మొహం చూడండి మరి!

ఈ ఆదివారం భోజనాలయ్యాక క్యాలెండరు దించి అందరినీ చుట్టూ కూచోబెట్టండి. పెన్సిలు మాత్రం మీ చేతిలో ఉండాలి. వెళ్ళొచ్చాక ఏం చూశారో మాకు రాయడం మరిచిపోకండేం!