మిగిలిపోయిన రింగు

గడియారం విప్పి బిగించిన తర్వాత ఒక మర మిగిలిపోవడం మా వంశంలో కొత్త కాదు. మా నాన్నగారు ఆ పద్ధతిలో మూడు గడియారాలను కడతేర్చారు. అందుచేత, ఆమధ్య విశాఖపట్నంలో మా బావమరిది బల్లమీద ఒక నల్లని రబ్బరు రింగు మిగిలిపోయి కనబడేసరికి నా గుండె ఝల్లుమన్నది. అతను బిగించినది గడియారం కాదు మరి! మర్నాడు ఉదయం ఋషికొండ దగ్గర సముద్రంలో మా అమ్మాయి నోట కరుచుకొని ఊపిరి పీల్చవలసిన యంత్రం.

మా బావమరిది సెలవులకు వచ్చినవాళ్ళను సముద్రం అడుగుకు తీసుకువెళ్ళి చేపలను చూపించే ఉద్యోగం చేస్తున్నాడు. ఇది కూడా ఒక ఉద్యోగమేనా అని మా మామగారు చాలాకాలం బాధపడ్డారు. అది వేరే కథ.

వీపున కట్టుకొనే సిలిండరులో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. కారు చక్రంలో ఉండేది రెండు బార్లకు కాస్త ఎక్కువ. అంత గాలి తిన్నగా నోట్లోకి వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. దాన్ని రెండు అంచెల్లో దించేదే రెగ్యులేటరు. సిలిండరు మెడకు తగిలించే మొదటి అంచె, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికన్న తొమ్మిది పది బార్లు మాత్రమే ఎక్కువ ఉండేటట్లు దాన్ని తగ్గిస్తుంది. నోట్లో పెట్టుకొనే రెండో అంచె, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, పీల్చినంత మాత్రమే ఇస్తుంది. 1943లో ఫ్రాన్సులో కుస్తో అనే నౌకాదళ అధికారి, గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి దీన్ని పనికివచ్చే రూపానికి తెచ్చారు. యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లను గ్యాసుతో నడిపించడానికి గాన్యాన్ తయారుచేసిన వాల్వే దీనికి మూలం. కారు కోసం పుట్టినది మనిషి ఊపిరికి పనికివచ్చింది!

ఈ యంత్రానికి ఏడాదికో, రెండేళ్ళకో, లేదా ఇన్ని మునకలకని తయారుచేసినవారు చెప్పిన గడువుకో సర్వీసు చెయ్యాలి. అప్పుడు మార్చవలసిన సామాను ఒక చిన్న ప్లాస్టిక్ పొట్లంలో వస్తుంది. దాన్నే సర్వీసు కిట్టు అంటారు. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూచి, "ఇదేమిట్రా, కుక్కరు గాస్కెట్టు పిల్లల్ని పెట్టినట్టుంది!" అన్నది.

ఉపమానం సరిపోయింది. కుక్కరు పాడై కాదు, గాస్కెట్టు గట్టిపడి కదా ఆవిరి కారిపోయేది? ఇక్కడా అంతే. ఇత్తడి ఒళ్ళు ఏళ్ళ తరబడి మన్నుతుంది. ముందుగా అరిగేవి, ఎండేవి ఈ చిల్లర ముక్కలే. మొదటి అంచె పొట్లంలో నాలుగైదు కొలతల రబ్బరు రింగులు, గాలిని వడకట్టే చిన్న లోహపు ఫిల్టరు, ఒక ప్లాస్టిక్ ముక్క ఉన్నాయి. ఆ ముక్క పేరు "సీటు" అట. సీటు అంటే కాలేజీలో దొరికేదో, బస్సులో దొరకనిదో మాత్రమే తెలిసిన నాకు ఇది మూడోది. ఒక పదునైన లోహపు అంచు దీనిమీద నొక్కుకొని గాలిని ఆపుతుంది. పీల్చినప్పుడల్లా తెరుచుకొని మళ్ళీ నొక్కుకొంటుంది. కొన్నాళ్ళకు సీటుమీద గాడి పడుతుంది. గాడి లోతైతే గాలి పూర్తిగా ఆగదు. మధ్య ఒత్తిడి మెల్లగా పెరిగిపోయి, చివరకు నోటి దగ్గర గాలి దానంతటదే కారిపోతుంది. ఊపిరి ఆగిపోదు గాని, సిలిండరు వేగంగా ఖాళీ అవుతుంది. అరవై అడుగుల లోతున అదేమీ చిన్న విషయం కాదు.

రెండో అంచెకు వేరే పొట్లం. ఒక మోడలుది మరొకదానికి పనికిరాదు. నేను రెండు రింగులు పట్టుకొని "ఇవి రెండూ ఒకటే కదా?" అన్నాను. "కాదు బావగారూ, ఒకటి 1.78 మిల్లీమీటర్ల మందం, ఒకటి 2 మిల్లీమీటర్లు" అన్నాడు. అరసున్నకూ నిండుసున్నకూ తేడా తెలియని విద్యార్థులను ఇరవై ఏళ్ళుగా తిడుతున్నవాణ్ణి, నోరు మూసుకొన్నాను.

పొట్లంలో లేనివి కూడా ఉన్నాయి. నోటి దగ్గరి పలచని డయాఫ్రం, విడిచిన గాలి బయటికి పోయే రబ్బరు రేకు, గొట్టాలు, ఇవి చాలా పొట్లాల్లో రావు. చూచి, చిరుగు గాని పగులు గాని ఉంటే విడిగా కొని వెయ్యాలి. పొట్లం కొంటే సర్వీసు అయిపోయినట్టే అనుకొనేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. అంతకన్న ఘోరం మా బావమరిదికే జరిగింది. ఒకచోట సర్వీసుకు ఇస్తే, బిల్లులో పొట్లం ఖరీదు వేసి, పైపైన తళతళలాడించి ఇచ్చారు. అనుమానం వచ్చి విప్పిస్తే లోపల పాత సీటే, గాడితో సహా ఉన్నది. ఆ తర్వాతే అతను శిక్షణ పొంది స్వయంగా విప్పడం మొదలుపెట్టాడు. ఎవరికి చేసినా తీసేసిన పాత ముక్కలను ఒక సంచిలో వేసి యజమానికి ఇచ్చేస్తాడు.

సరే, మిగిలిన రింగు సంగతి. మా వ్యాకరణంలో ఒకదాన్ని తోసేసి దాని చోట మరొకటి కూర్చుంటే ఆదేశం, ఏదీ పోకుండా కొత్తది వచ్చి చేరితే ఆగమం, ఉన్నది పోతే లోపం. సర్వీసంటే వరసగా ఆదేశాలే కావాలి కదా! మరి ఇది లోపం కాదని ఏమిటి నమ్మకం?

అడిగాను. గొంతు కాస్త వణికిందేమో కూడా.

అతను నవ్వలేదు. విడిభాగాలన్నీ విడివిడిగా గీసిన పటం తెచ్చి పరిచాడు. ప్రతి ముక్కకూ ఒక నంబరు. తీసేసిన పాత రింగులను లెక్కపెట్టించాడు. ఆరు. పటంలో ఈ మోడలుకు ఆరు. పొట్లంలో వచ్చినవి ఏడు. సిలిండరుకు తగిలించే పద్ధతులు రెండున్నాయట, చట్రంతో బిగించేది ఒకటి, మరలా తిప్పి ఎక్కించేది ఒకటి. రెంటికీ ఒకే పొట్లం సరిపోవాలని కంపెనీవాళ్ళు అదనంగా ఒకటి వేశారు. మనది చట్రం కనుక ఏడోది మిగిలింది. "మిగలడం తప్పు కాదు బావగారూ. ఎందుకు మిగిలిందో చెప్పలేకపోతే తప్పు" అన్నాడు.

"మరి ఆ ఆరూ వాటి వాటి చోట్లే ఉన్నాయని?"

సమాధానంగా సిలిండరు తెరిచి ఒత్తిడి కొలిచే ముల్లు చూపించాడు. విప్పకముందు అది తొమ్మిదిన్నర దగ్గర మొదలై, చూస్తుండగానే పన్నెండుకు పాకింది. ఇప్పుడు గాలిని పదిసార్లు వదిలినా తిరిగి తొమ్మిదిన్నరకు వచ్చి ఆగిపోతున్నది. కొత్త సీటు సర్దుకొనేందుకు రాత్రంతా అలాగే ఉంచుతానన్నాడు.

రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చింది. టార్చి తీసుకొని ఆ గదిలోకి వెళితే, బల్ల దగ్గర మా ఆవిడ అప్పటికే నిలబడి ఉన్నది, కళ్ళద్దాలు లేకుండా.

"ఎంత చూపిస్తోందండీ?"

"తొమ్మిదిన్నర."

"కదలలేదు కదూ?"

"లేదు."

అయినా ఇద్దరం కాసేపు అక్కడే నిలబడ్డాం.

మర్నాడు అమ్మాయి జుట్టునుంచి ఉప్పునీళ్ళు కారుతుండగా ఒడ్డుకు వచ్చి, చూచిన చేపల రంగులన్నీ ఏకరువు పెట్టింది. వాళ్ళమ్మ మటుకు, "ఊపిరి సరిగ్గా ఆడిందా?" అని అడిగింది.

"ఊపిరా? ఆ సంగతే గుర్తులేదమ్మా" అన్నది.