డిష్ వచ్చింది... నెట్ పోయింది!

తెనాలిలో ఓ రిటైర్డు మాస్టారి ఇల్లు. ఆదివారం ఉదయం ఏడున్నర అవుతోందంటే చాలు... మాస్టారు స్నానం ముగించి, ఉతికిన చొక్కా వేసుకుని ఫోను ముందు కూర్చుంటారు. డాలస్‌లో అప్పటికి శనివారం రాత్రి. కొడుకు, కోడలు, ఆరేళ్ల మనవరాలు తెరమీద కనిపిస్తారు. వారం మొత్తానికి ఆ ఇంట్లో అదే పండగ.

ఓ ఆదివారం మాత్రం ఆ పండగ జరగలేదు. తెరమీద చక్రం గుండ్రంగా తిరుగుతోంది తప్ప మనవరాలు రాలేదు. మొబైల్ డేటాతో ప్రయత్నిస్తే ఆ పాతకాలపు గోడల మధ్య సిగ్నల్ అంతంతమాత్రం. మాట వినపడితే బొమ్మ లేదు, బొమ్మ వస్తే మాట లేదు!

కారణం? ముందురోజే జరిగిన మార్పు. బిల్లు దగ్గర కేబుల్ అబ్బాయితో మాటామాటా వచ్చింది. 'నీ కేబులూ వద్దు, నువ్వూ వద్దు' అనేశారు మాస్టారు. సాయంత్రానికల్లా డాబా మీద డిష్ వెలిసింది. కేబుల్ అబ్బాయి తన వైరు చుట్టుకుని వెళ్లిపోయాడు. టీవీతో పాటు నెట్ కూడా ఆ ఒక్క వైరులోనే వచ్చేదన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు.

'ఏమండీ, అంత డిష్ పెట్టించారు కదా... అందులో నెట్ రాదా?' అని ఇల్లాలి ప్రశ్న.

డిష్ వినగలదు, మాట్లాడలేదు

రాదు. డీటీహెచ్ ఉపగ్రహం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి అందరిళ్ల మీదా ఒకే సిగ్నల్‌ను కురిపిస్తుంది. డాబా మీది డిష్ దాన్ని పట్టుకుంటుందే కానీ తిరిగి ఏమీ పంపలేదు. రేడియో లాంటిదన్నమాట. ఇంటర్నెట్ అలా కాదు, టెలిఫోను లాంటిది. అవతలివాళ్ల బొమ్మ రావాలి, మన బొమ్మ పోవాలి. ఉపగ్రహం నుంచి నెట్ అందించే పద్ధతులూ ఉన్నాయి కానీ, వాటికి సిగ్నల్‌ను పంపగలిగే వేరే పరికరం కావాలి. కాబట్టి డిష్ పెట్టించుకున్న ఇంటికి నెట్ విడిగా తీసుకోవాల్సిందే.

ఏ దారిన రావాలి?

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైనప్పుడు అది ల్యాండ్‌ఫోను తీగమీదే వచ్చింది. సెకనుకు 256 కిలోబిట్లు అందితే బ్రాడ్‌బ్యాండ్ అనే రోజులవి. 2023లో ఆ కనీస వేగాన్ని 2 మెగాబిట్లకు పెంచారు. ఈ మధ్యకాలంలో రాగి తీగ స్థానంలోకి ఫైబర్ వచ్చింది. వీధిలో ఫైబర్ ఉంటే మొదటి ఓటు దానికే. గాజుపోగులో వెలుగు ప్రయాణిస్తుంది కాబట్టి తుప్పు బెడద ఉండదు.

ఫైబర్ రాని చోట 2023 నుంచి జియో, ఎయిర్‌టెల్ అందిస్తున్న ఎయిర్‌ఫైబర్ ఉంది. ఇంటిమీద పెట్టే పెట్టె 5జీ టవరు నుంచి సిగ్నల్ అందుకుంటుంది. టవరు దగ్గరగా ఉంటేనే సుఖం.

సంతకానికి ముందు...

* ప్రకటనలోని '100' మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. 8తో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే. వీడియో కాల్ కోసమైతే అప్‌లోడ్ వేగం ఎంతో కూడా అడగాలి.

* 'అన్‌లిమిటెడ్' అన్న మాట పక్కన చిన్న చుక్క ఉందేమో చూడండి. ఇంత డేటా దాటితే వేగం తగ్గిస్తామన్న షరతు అక్కడే దాక్కుంటుంది.

* రూ.499 ప్లాను మీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.589 అవుతుంది. బిగింపు ఖర్చెంత, రూటర్ డిపాజిట్ తిరిగిస్తారా, ఎన్ని నెలలు ముందే కట్టాలి... అన్నీ కాగితం మీద రాయించుకోవాలి.

* కరెంటు పోతే రూటర్ కూడా పోతుంది. ఇన్వర్టరు ఉంటే దానికి కలిపించుకోవాలి.

* చెడిపోయినప్పుడు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. పని కాకపోతే ఆ కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం దీనికి రుసుము లేదు. మరీ చిన్న సంస్థలకు మాత్రం ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి అలాంటి వ్యవస్థ ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, చెడిపోయిన రోజు నిచ్చెన వేసుకుని వచ్చేదెవరన్నది మరో ఎత్తు. వేగం ఎంతో ప్రకటన చెబుతుంది. బాగుచేయడానికి మనిషి ఎప్పుడొస్తాడో మాత్రం ఇరుగుపొరుగే చెప్పాలి. రాత్రి ఎనిమిది, పది మధ్య అందరూ నెట్ వాడే వేళ వాళ్లింట్లో ఎలా వస్తుందో ఒకసారి స్వయంగా చూసి రావడం ఇంకా మంచిది.

మాస్టారు కూడా అదే చేశారు. సందులో మూడిళ్లు తిరిగారు. మూడిళ్లవాళ్లూ ఒకే పేరు చెప్పారు... ఆ కేబుల్ అబ్బాయిదే! 'గాలివానలో కూడా గంటలో వచ్చి తీగ కలిపి వెళ్లాడండీ' అన్నారు.

మాస్టారికి రెండు రోజులు మనసొప్పలేదు. మూడోరోజు, ఆదివారం దగ్గర పడుతోందనగా, ఫోను చేశారు. అవతల క్షణం నిశ్శబ్దం.

'టీవీ వద్దంటే మానేయండి మాస్టారూ. నెట్ ఒక్కటే ఇస్తాను. ఆ రోజు అడిగుంటే వైరు తీసేవాణ్నే కాదు కదండీ!'

కోపంలో వైరు తీయించే ముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఇద్దరిలో ఎవరికీ అప్పుడు తట్టలేదు.

ఆదివారం ఉదయం ఏడున్నర. తెరమీద మనవరాలు.

'తాతయ్యా, పోయిన వారం ఎందుకు రాలేదు?'

మాస్టారు కిటికీలోంచి కొత్త వైరు కేసి చూశారు. 'దారి తప్పానమ్మా... ఇప్పుడు దొరికిందిలే' అన్నారు.