దక్షిణపు వాకిలి, తగ్గిన ధర

తిరువళ్ళూరులో తూర్పు పడమరలుగా సాగే ఒక వీధిని, అందులో ఎదురెదురుగా ఉన్న రెండు ఇళ్ళను ఊహించుకుందాం. రెండూ 2,400 చదరపు అడుగుల స్థలంలో ఒకే ఏడు కట్టినవి. రెండింటి బోరులోనూ ఒకే నీళ్ళు, రెండింటి పట్టాలోనూ చిక్కు లేదు. తేడా వాకిలి దగ్గరే ఉంది: ఒకటి ఉత్తరం చూస్తుంది, ఇంకొకటి దక్షిణం. ఉత్తరపు ఇంటిని అమ్మే బ్రోకరు ఫోనెత్తగానే ‘నార్త్ ఫేసింగ్’ అంటాడు. దక్షిణపు ఇంటి సంగతి మాత్రం అడిగేదాకా చెప్పడు, చెప్పాక ధర తగ్గిస్తాడు. ఆ తగ్గింపు ఇంట్లోని ఏ లోపానికి పడుతోంది? గోడకా, కప్పుకా, కాగితాలకా? దేనికీ కాదు. కొనేవాళ్ళ భయానికి అమ్మేవాళ్ళు కడుతున్న జరిమానా అది. దాన్నే మనం మార్కెట్ విలువ అంటున్నాం.

ఇంటి విలువను నిజంగా మార్చేవి ఏవో తెలియాలంటే తిరువళ్ళూరును తిరుత్తణి పక్కన పెట్టి చూస్తే చాలు. తిరువళ్ళూరు చెన్నై సెంట్రల్‌కు సుమారు 40 కిలోమీటర్లు. తిరుత్తణి దాదాపు దానికి రెట్టింపు దూరం. లోకల్ రైళ్ళు తిరువళ్ళూరు దాకా వచ్చినన్ని తిరుత్తణి దాకా రావు. రోజూ నగరానికి ఉద్యోగానికి పోయి వచ్చేవాడికి ఈ తేడా అంటే ఏళ్ళ తరబడి జీవితకాలం, అందుకే దానికి ధర కడతాడు. కాగితాల సంగతీ అంతే. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను ఆపేసినప్పుడు ఆ ఉత్తర్వు ఏ ప్లాటు ముఖమూ చూడలేదు. అనుమతి ఉందా లేదా అన్నదే చూసింది. తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ గైడ్‌లైన్ విలువను వీధిని బట్టి, సర్వే నంబరును బట్టి కడుతుంది. దస్తావేజులో దిక్కులు రాస్తారు గాని హద్దులు చెప్పడానికే. దక్షిణపు ఇల్లు గైడ్‌లైన్ కంటే తక్కువకు దొరికినా స్టాంపు డ్యూటీ సాధారణంగా గైడ్‌లైన్ విలువ మీదే కట్టాలి.

దక్షిణ ముఖం చెడ్డదన్న మాటకు శాస్త్రాల అండ ఉందనేవారు ముందు ఆ శాస్త్రాలు తెరవాలి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంటి స్థలం వాలును వర్ణాల వారీగా పంచాడు: బ్రాహ్మణులకు ఉత్తరం, క్షత్రియులకు తూర్పు, వైశ్యులకు దక్షిణం, శూద్రులకు పడమర. స్థలం మట్టికి కూడా తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు అని వర్ణాలే అంటగట్టాడు. అంటే ఆ గ్రంథం ప్రకారమే ఒకరికి కూడని దిక్కు ఇంకొకరికి మేలు. ఇవాళ ఆ పంపకాన్ని పక్కనపెట్టి, ఉత్తరం తూర్పులను మాత్రం అందరికీ శుభమని అమ్ముతున్నారు. ప్రమాణమని చెప్పే గ్రంథంలోంచి నచ్చిన సగమే తీసుకుంటే అది ఇంక ప్రమాణం కాదు. చైనా ఫెంగ్ షుయి చూడండి, అక్కడ దక్షిణ ముఖమే శ్రేష్ఠం, బీజింగ్ రాజప్రాసాదం ప్రధాన ద్వారం దక్షిణానికే ఉంది. రెండు ప్రాచీన విద్యలు ఒకే దిక్కు గురించి ఎదురెదురు తీర్పులిస్తే రెండూ ప్రకృతి నియమాలు కాలేవు. మన దగ్గరే ఏ శివాలయంలో చూసినా దక్షిణామూర్తి దక్షిణం చూస్తూ కూర్చుంటాడు. ఇక మాడవీధులున్న ఊళ్ళో ఉత్తర మాడవీధిలో గుడివైపు తిరిగిన ప్రతి ఇల్లూ దక్షిణముఖమే. తరతరాలుగా అక్కడ మనుషులు కాపురం చేస్తూనే ఉన్నారు.

1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారిన తిరుత్తణిలో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాళ్ళకు ఇంకో చిక్కుంది: ఒకవైపు ఆంధ్ర నుంచి వచ్చే వాస్తు పుస్తకాలు, మరోవైపు తమిళ మనైయడి శాస్త్రం. ఈ రెండోది గది కొలతలకు ఫలితాలు చెబుతుంది: 10, 11 అడుగులు మంచివట, 12, 13 చెడ్డవట. ఇవాళ మేస్త్రీ టేపుతో కొలిచే అడుగు 30.48 సెంటీమీటర్ల ఇంగ్లిషు అడుగు. పాతకాలపు కొలతలు వేరు. కొలబద్ద మారినా ఫలితం మారలేదంటే, ఆ ఫలితానికీ గదికీ సంబంధం లేదనే అర్థం.

వాస్తు దిక్కులన్నీ ఎండగాలుల లెక్కే, పూర్వులు దాన్ని శాస్త్రంగా చెప్పారనే వాదన కొంచెం బరువైనది. అయితే ఆ లెక్కనే ఇక్కడ వేసి చూద్దాం. తిరువళ్ళూరు, తిరుత్తణి రెండూ సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మండు వేసవిలో ఎండ తగిలేది ఉత్తరపు గోడకు, దక్షిణపు గోడ నీడలో ఉంటుంది. సాయంత్రం ఇంటిని కాల్చేది పడమటి గోడ. వేసవి మధ్యాహ్నాల్లో సముద్రపు గాలి ఎక్కువగా ఆగ్నేయం నుంచి వీస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఈశాన్య రుతుపవనంతో వస్తుంది కాబట్టి, ఈశాన్యం బారుగా తెరిచిన ఇంటికి జల్లు కొడుతుంది. వాతావరణమే కొలమానమైతే తిరువళ్ళూరులో ధర తగ్గాల్సింది దక్షిణపు వాకిలికి కాదు.

‘ఆ ఇల్లు కొన్నాక వాళ్ళు చితికిపోయారు, కళ్ళారా చూశాం’ అనే మాటను కొట్టిపారేయకూడదు. చితికిపోయి ఉండవచ్చు. కాని ఆ ఇంటిని ఎవరు కొంటారో ఆలోచించండి. చేతిలో డబ్బున్నవాడు దక్షిణం వద్దనుకుని ఎదురింటికి పోతాడు. చవగ్గా వస్తోందని దక్షిణపు ఇంటికి చేరేది ఎక్కువగా చాలీచాలని ఆదాయంవాడు, పుస్తెలతాడు కుదువబెట్టి అడ్వాన్సు ఇచ్చినవాడు, కంతు ఒకటి తప్పినా తట్టుకోలేనివాడు. అలాంటి కుటుంబంలో జబ్బో, ఉద్యోగం పోవడమో ఎదురైతే దెబ్బ గట్టిగానే తగులుతుంది. నమ్మకం ధర తగ్గించింది, తగ్గిన ధర బలహీనుణ్ణి తెచ్చింది, బలహీనుడి కష్టం మళ్ళీ నమ్మకానికి సాక్ష్యమైంది. ఎదురుగా ఉత్తరపు ఇంట్లో గుండెపోటు వస్తే మాత్రం దాన్ని దిక్కు ఖాతాలో ఎవరూ రాయరు.

ఈ ధర తేడా ఇంటిలో లేదని, కొనేవాళ్ళ మనసులో ఉందని చూపే గట్టి ఆధారం కెనడా నుంచి ఉంది. వాంకూవర్ ప్రాంతపు ఇళ్ళ అమ్మకాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు 2014లో అచ్చయిన పరిశోధనలో ఇలా తేల్చారు: చైనా మూలాలవారు సగటు కంటే ఎక్కువగా ఉన్న పేటల్లో ఇంటి నంబరు చివర వాళ్ళు కీడనుకునే 4 ఉంటే ధర 2.2 శాతం తక్కువ, మేలనుకునే 8 ఉంటే 2.5 శాతం ఎక్కువ. ఇంటికి కీడు చేసే శక్తి 4కే ఉంటే, పొరుగువాళ్ళు ఎవరన్నదానితో పని లేకుండా ఊరంతటా ఒకేలా చేయాలి కదా.

నమ్మితే మనశ్శాంతి, నష్టమేముంది అంటారు. ఆ శాంతికి ముందు అశాంతి పుట్టించింది కూడా ఆ నమ్మకమే. వంటగది మార్చడానికి బరువు మోసే గోడ పగలగొట్టడం, ఉన్న వాకిలి మూసి సందులోకి కొత్త వాకిలి తెరవడం, అప్పు మీద అప్పు చేయడం, ఇవన్నీ నష్టాలే. అన్నిటికంటే అన్యాయం అమ్మేవాళ్ళకు జరుగుతుంది. బిడ్డ పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో అవసరంలో అమ్ముతున్న మనిషి చెమటోడ్చి కట్టిన ఇంటికి ఏ లోపమూ లేకుండానే విలువ కోల్పోతాడు.

చివరి అభ్యంతరం వ్యాపారపుది: ‘నాకు నమ్మకం లేదు, కాని రేపు నేను అమ్మేటప్పుడు కొనేవాడికి ఉంటుందిగా?’ ఉంటుందనే అనుకుందాం. ఎదురిల్లు 50 లక్షలు, ఇది 45 లక్షలనుకోండి. పదేళ్ళకు రెండూ రెట్టింపైతే అక్కడ 100, ఇక్కడ 90. తగ్గింపుతో అమ్మినా, ఆ తగ్గింపు ముందే మీ చేతికి వచ్చింది. పెట్టిన రూపాయికి వచ్చిన లాభం రెండు చోట్లా ఒకటే. పైగా ఆ 5 లక్షలకు పదేళ్ళ బ్యాంకు వడ్డీ కట్టే బాధ తప్పింది. కొనేవాళ్ళలో నష్టపోయేది దక్షిణపు ఇంటిని పూర్తి ధరకు కొని తక్కువకు అమ్మినవాడు మాత్రమే, నమ్మకం లేనివాడు బేరమాడకుండా ఎందుకు కొంటాడు?