సూర్యుడి పక్కన తేలేవి ఏమిటి?



వేసవి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు వాళ్ల అన్న సెల్‌ఫోను తెచ్చి నాకొక వీడియో చూపించాడు. సూర్యుణ్ణి నీళ్ల ట్యాంకు చాటున దాచి, ట్యాంకు అంచు పక్కనున్న ఆకాశాన్ని తీశాడు. అందులో తెల్లగా మెరుస్తూ పది పన్నెండు గుండ్రటి వస్తువులు తేలిపోతున్నాయి. ఒకటి ఆగినట్టే ఆగి పక్కకు తిరిగింది. "సార్, ఇవి ఎగిరే పళ్ళాలా?" అని అడిగాడు. తరగతిలో సగం మంది "అవును సార్" అన్నారు. మిగతా సగం పకపకా నవ్వారు. నిజం చెప్పాలంటే నాకు ఇద్దరూ నచ్చలేదు. అవునన్నవాళ్లూ కొలవలేదు, నవ్వినవాళ్లూ కొలవలేదు.

ముందుగా ఒక ప్రశ్న వేసుకుందాం. ఆ వస్తువులు సూర్యుడి పక్కనే ఎందుకు కనిపిస్తాయి? మిగతా ఆకాశంలో ఎందుకు కనిపించవు?

దీనికి జవాబు మీ ఇంట్లోనే ఉంది. కిటికీ సందులోంచి గదిలోకి ఎండ పడేటప్పుడు ఆ వెలుగుబాటలో ధూళి కణాలు తేలుతూ ఉంటాయి. కిటికీ వైపు వీపు పెట్టి చూడండి, అవి మసకగా ఉంటాయి. ఇప్పుడు గదిలో రెండో చివరికి వెళ్లి, ఎండ కంట్లో పడకుండా ఒక పక్కగా నిలబడి, కిటికీ వైపు తిరిగి చూడండి. అవే కణాలు మిణుగురుల్లా మెరుస్తాయి. సన్నని కణాలు, నూలుపోగులు తమ మీద పడ్డ కాంతిలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపవు. కొద్దిగా వంచి ముందుకే చెదరగొడతాయి. అందుకే వెలుగు వచ్చే దిక్కుకు దగ్గరగా చూసినప్పుడే అవి బాగా మెరుస్తాయి. మిగతా ఆకాశంలోనూ అవి ఉంటాయి, కానీ మనకు కనపడవు.

మరి అవి అంత పెద్దగా, గుండ్రంగా ఎందుకున్నాయి? కెమెరా దూరాన్ని చెప్పదు. 3 సెంటీమీటర్ల జిల్లేడు దూది మనకు 3.5 మీటర్ల దూరంలో ఉంటే సూర్యబింబమంత కనిపిస్తుంది. పైగా ఫోను దూరపు ఆకాశానికి కుదురుకొని ఉంటుంది కనుక, దగ్గరగా ఉన్న పోగు అలుక్కుపోయి పళ్ళెంలా అవుతుంది. వేగంగా పోయే పురుగైతే సాగి కడ్డీలా పడుతుంది. దాని రెక్కల ఆడింపు ఆ కడ్డీకి ఇరువైపులా అంచుల్లా కనిపిస్తుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో గాలిలో తేలే వాటికి కొదవా? ఎండాకాలంలో జిల్లేడు కాయలు, బూరుగు కాయలు పగిలి దూది లేస్తుంది. తొలకరికి ఉసిళ్లు పుట్టలు వదిలి ఎగురుతాయి. వానలు వెనకబట్టే రోజుల్లో తూనీగలు గుంపులుగా వస్తాయి. పత్తి తీసే రోజుల్లో చేల మీద నుంచి దూది పింజలు లేస్తాయి. చిన్న సాలీళ్లు దారం వదిలి, ఆ దారంతోపాటే గాలిలో ప్రయాణం చేస్తాయి.

అంతమాత్రాన పైనున్నవన్నీ దూదే అనుకోకండి. హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం పరిశోధన బెలూన్లను 30 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు పంపుతుంది. గాలివాటానికి అవి జిల్లాలు దాటి పోతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో దిగిన వింత గుండ్రటి గదిని చూడటానికి జనం గుంపులుగా చేరారు. అది స్పెయిన్ సంస్థ ఒకటి పరీక్ష కోసం అలాంటి బెలూనుకు కట్టి పంపినది.

మరి దగ్గరిదేదో, దూరందేదో తేల్చేదెలా? ఒక కన్ను మూసి బొటనవేలు చూడండి. తరవాత రెండో కన్నుతో చూడండి. వేలు పక్కకు జరుగుతుంది, దూరపు గుట్ట జరగదు. దూరం తేల్చే కొలబద్ద ఇదే. 35 మీటర్ల ఎడంగా ఇద్దరు నిలబడి ఒకేసారి వీడియో తీశారనుకుందాం. వస్తువు 50 మీటర్ల దూరంలో ఉంటే ఇద్దరి వీడియోల్లోనూ ఒకే చోట ఉండనే ఉండదు. 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే సూర్యబింబం వెడల్పులో సగం కూడా జరగదు.

ఇది నా సొంత ఉపాయమేమీ కాదు. సంపూర్ణ సూర్యగ్రహణంలో చంద్రుడి అంచున ఎర్రటి మంటలు కనిపిస్తాయి. అవి సూర్యుడివా, చంద్రుడివా, మన కంటి భ్రమా అని ఆనాటి శాస్త్రజ్ఞులు వాదించుకున్నారు. 1860 జులై 18 గ్రహణాన్ని స్పెయిన్‌లో వందల కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు చోట్ల నుంచి డి లా ర్యూ, సెక్కీ ఫోటోలు తీశారు. రెంటిలోనూ అవే మంటలు! అవి సూర్యుడివేనని తేలింది. 1868 ఆగస్టు 18 గ్రహణంలో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరు నుంచి వర్ణపటదర్శినితో చూసి, అవి మండుతున్నట్టు కనిపించే వేడి వాయువులని, వాటిలో హైడ్రోజన్ ఉందని కనుగొన్నాడు. అదే గ్రహణాన్ని మద్రాసు నక్షత్రశాల తరఫున చింతామణి రఘునాథాచారి ఎక్కడ నుంచి పరిశీలించారో తెలుసా? మన వనపర్తి నుంచి!

ఒక హెచ్చరిక. నేరుగా సూర్యుణ్ణి చూడకండి. కంటి లోపలి తెరకు నొప్పి తెలియదు. కాలిపోయాక గాని చూపు పోయిందని తెలియదు. గోడ చాటు కూడా ఉదయం పూట నమ్మదగినది కాదు. తూర్పు గోడ నీడ తరుగుతూ వస్తుంది, సూర్యుడు ఉన్నట్టుండి బయటపడతాడు. ఈ పరీక్ష చేయాలంటే మీ సైన్సు టీచరు దగ్గరుండాలి. సాయంత్రం పూట, పడమటి గోడ నీడలో లోపలికి నిలబడి, ఫోను తెర మీదనే చూడాలి.

ఇంతకీ మా కుర్రవాడి వీడియో ఏమైంది? మరునాడు మేము ట్యాంకు దగ్గరికి వెళ్లాం. పక్కనే జిల్లేడు పొద, పగిలిన కాయలు, గాలికి లేస్తున్న దూది. దాదాపు అన్నింటికీ జవాబు దొరికింది. ఆగి తిరిగిన ఆ ఒక్కటి పురుగో, సుడిగాలికి చిక్కిన దూదో చెప్పలేం. నోటుబుక్కులో దాని ఎదురుగా "తెలియదు" అని రాయించాను. "తెలియదు" అనడం ఓటమి కాదు. అలాగని "తెలియదు" గనుక పళ్ళెమే అనడానికి వీల్లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణపు నీడ మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా పోయింది. అప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. మా ఇంట్లో తలుపులు, కిటికీలు మూసేశారు. సందుల్లో గుడ్డలు కూడా కుక్కారు. మధ్యాహ్నం చీకటి పడితే పక్షులు గూళ్లకు చేరిన చప్పుడు మాత్రం విన్నాను. 112 ఏళ్ల కిందట ఒక పరిశీలకుడు దుర్భిణీ పెట్టి చూసిన ఆకాశాన్నే మేము భయంతో పోగొట్టుకున్నాం. జాగ్రత్త చెప్పేవాళ్లు ఒక్కరున్నా చాలేది.

ఆకాశంలో వింత కనపడితే భయపడకండి, నవ్వకండి. రెండో చోట నుంచి చూడండి, కొలవండి, రాసిపెట్టండి.