బొమ్మకు నూటికి నూరు, ఆటకు ముప్పై ఐదు కూడా కష్టం

వార్షిక సంచికలో వీడియో గేమ్ మీద వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడిగారు. గ్రంథాలయం గురించి రాయొచ్చు కదా, క్రమశిక్షణ గురించి రాయొచ్చు కదా అన్నారు. వాటి గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈ ఏడాది మన హాస్టల్లో అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది మాత్రం డ్రాగన్స్ లెయిర్ అనే ఆట మీద. ఆడినవాళ్లు పాతికమంది అయితే, వెనక నిలబడి తిట్టినవాళ్లు యాభైమంది. అయినా బొమ్మ బాగాలేదని ఒక్కరూ అనలేదు. ఇంత అందమైన బొమ్మలున్న ఆట ఇంత విసుగెందుకు పుట్టించింది? మాకు తోచిన జవాబు రాస్తున్నాం. ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికలో తిరుగు జవాబు రాయవచ్చు.

ఆ ఆట సంగతి తెలియని తమ్ముళ్ల కోసం ముందు నాలుగు మాటలు. అది 1983లో అమెరికాలో వచ్చింది. అప్పట్లో ఇళ్లలో కంప్యూటర్లు తక్కువ. బజారులో బీరువాలంత పెట్టెలు ఉండేవి, నాణెం వేస్తే ఆట మొదలయ్యేది. వాటినే ఆర్కేడ్ గేమ్‌లు అంటారు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్, 1980 నాటి పాక్‌మాన్ అలాంటివే. వాటిలో బొమ్మలంటే చుక్కలూ గళ్లూ. పాక్‌మాన్ అయితే పసుపుపచ్చని గుండ్రటి నోరు, అంతే. అలాంటి పెట్టెల వరుసలో ఒకదాంట్లో ఏకంగా కార్టూన్ సినిమా కదులుతుంటే జనం ఊరుకుంటారా? ఎగబడ్డారు. మిగతా ఆటలకు 25 సెంట్ల నాణెం ఒకటి చాలితే దీనికి 50 సెంట్లు పెట్టారు. అయినా ఎగబడ్డారు.

ఆ బొమ్మలు గీయించిన మనిషి డాన్ బ్లూత్. డిస్నీ సంస్థలో యానిమేటర్‌గా ఉండి, అక్కడ పాతకాలపు పనితనం తగ్గిపోతోందని 1979లో కొందరు సహచరులతో కలిసి బయటికి వచ్చేశాడు. 1982లో ‘ద సీక్రెట్ ఆఫ్ నిమ్’ అనే సినిమా తీశాడు. ఆ తర్వాత రిక్ డయ్యర్ అనే ఆయన ఈ ఆట ఆలోచనతో ఆ స్టూడియోను కలిశాడు. పెట్టెలను సినిమాట్రానిక్స్ కంపెనీ అమ్మింది. డబ్బుకు ఇబ్బంది కాబట్టి పేరున్న నటులను పెట్టుకోలేదు. స్టూడియోలో పనిచేసేవాళ్లే వీరుడు డర్క్‌కీ, రాకుమారి డాఫ్నేకీ గొంతులిచ్చారు. మొత్తం బొమ్మ 22 నిమిషాలు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి లెక్క వేస్తే ముప్పై వేల ఫ్రేములు దాటుతుంది. అదంతా మనుషులు చేత్తో గీసిన పని.

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకుందాం. కోట ముందు వంతెన మీద డర్క్ నడుస్తుంటే పలక విరిగి కాలు దిగబడుతుంది. కింద కందకంలోంచి తొండాల్లాంటి చేతులున్న జంతువు లేస్తుంది. ఆ క్షణంలో అతని మొహం చూడండి. వీరుడే, కానీ మనలాగే గుటకలు మింగుతాడు. పరుగెత్తితే భుజాలు ముందు, కాళ్లు వెనక. ఆగితే ఒళ్లంతా ఒకసారి ఊగి గానీ ఆగదు. బరువున్న మనిషి అలాగే ఆగుతాడు. గీసినవాడు నిజం మనిషిని ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి! మా డ్రాయింగ్ బ్యాచ్ వాళ్లు ఆ వంతెన ముక్కనే ఆపి ఆపి చూశారు. అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్లు ఈ ఆటను భద్రపరిచారంటే మాకు ఆశ్చర్యం లేదు.

ఇక ఆట సంగతి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకాయన సెలవుల్లో వచ్చినప్పుడు లాప్‌టాప్ తెచ్చి భోజనాల వరండాలో పెట్టాడు. నాలుగు దిక్కులకు నాలుగు మీటలు, కత్తికి ఒకటి. ఇంతేనా అనుకున్నాం. బొమ్మ నడుస్తూ ఉంటుంది, ఎక్కడో అరసెకను తేడాలో ఒక మీట నొక్కాలి. సరైనది నొక్కితే బొమ్మ ముందుకు పోతుంది. కాస్త తొందరపడినా, కాస్త ఆలస్యమైనా, పక్క మీట నొక్కినా డర్క్ చచ్చి అస్థిపంజరమై కుప్పకూలిపోతాడు. ఒక్కోచోట ఏదో తళుక్కున మెరిసి దారి చూపిస్తుంది. చాలాచోట్ల అదీ ఉండదు. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఆరుసార్లు చచ్చి, “ఏందన్నా ఇది, ఎడమకే ఎందుకు పోవాల? కుడిపక్క గూడా తలుపుంది గదా!” అన్నాడు. వాడి ప్రశ్నకు మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. ఎడమకే ఎందుకంటే, ఎడమకు పోయే బొమ్మే గీశారు కాబట్టి.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ పెట్టెలో ఉన్నది లేజర్ డిస్క్. మన సీడీకి పెద్దన్న లాంటిది, పాత ఎల్‌పీ రికార్డంత వెడల్పు. దాని మీద సినిమా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మీట నొక్కితే యంత్రం గెలిచిన ముక్కనో చచ్చిన ముక్కనో వెతికి చూపిస్తుంది. వెతికేటప్పుడు తెర ఒక క్షణం నల్లబడేది కూడా. పాక్‌మాన్‌లో బొమ్మ నాసిరకమే కావచ్చు. కానీ మనం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, సందులోకి దూరుతుంది, వెనక్కి వస్తుంది. మన తెలివి దాంట్లో కనబడుతుంది. డర్క్‌ను మనం తిప్పడం లేదు. ముందే గీసి పెట్టిన డర్క్‌ను ఆపకుండా ఉండడానికి అనుమతి తెచ్చుకుంటున్నాం, అంతే. మనం ఇంకో దారి ఆలోచిస్తే దానికి బొమ్మ లేదు. ప్రతి కొత్త దారికీ వందల కొద్దీ బొమ్మలు గీయాలి, అంత డబ్బెవరిస్తారు? కాబట్టి బొమ్మ అంత అందంగా ఉండడమే ఆట అంత ఇరుకు కావడానికి కారణం. ఇది మా అభిప్రాయం. పత్తికాయ పైకి నిగనిగలాడుతూ లోపల గులాబీ పురుగు తినేసినట్టు అని మాలో ఒకరు పోల్చారు గానీ అది అన్యాయం. ఇక్కడ పురుగేమీ లేదు, కాయ గట్టిదే, కాకపోతే పగలదు.

“ఆట అనుకోవద్దురా, సినిమా అనుకుని చూడండి” అన్నాడు లాప్‌టాప్ తెచ్చిన అన్న. ఆ మాట మీద ఒక రాత్రంతా వాదించుకున్నాం. సినిమా అయితే సుఖంగా కూర్చుని చూసేవాళ్లం. రెండు సెకన్లకోసారి మీట కోసం కాచుకుని ఉన్నవాడికి బొమ్మ అందం చూసే తీరికెక్కడిది? నిజానికి బొమ్మను బాగా చూసింది వెనక నిలబడినవాళ్లే. ఆడినవాడికి గుర్తున్నవి ఎడమ, కత్తి, కుడి, పైకి.

బొమ్మ కదలడం అనేది మన తెలుగువాళ్లకు కొత్త కాదు. మన తోలుబొమ్మలాట ఏమిటి? తోలుకు రంధ్రాలు పొడిచి, రంగులు వేసి, తెర వెనక దీపం పెట్టి రామాయణం నడిపిస్తారు. కథ అందరికీ తెలిసిందే, మార్చడానికి లేదు. కానీ మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చారంటే వాళ్ల మాటలకు హద్దుండదు. ఏ ఊరికి పోతే ఆ ఊరి సంగతులు పలుకుతారు. ముందు కూర్చున్నవాడు కేక వేస్తే తిరుగు కేక వేస్తారు. తెర వెనక మనిషి ఉన్నాడు, వింటున్నాడు. డిస్కు వినదు. మనం వరండాలో ఎంత అరిచినా డర్క్ అదే చోట అదే తీరున చస్తాడు.

అందమైన యానిమేషన్ ఉంటే ఆట బాగుండదని మాత్రం మేము అనడం లేదు. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా చూడండి. జోర్డాన్ మెక్నర్ అనే యువకుడు తన తమ్ముడిని పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్కటిగా బొమ్మల్లోకి దించాడు. కంప్యూటర్ కోర్సులు చేసిన మన సీనియర్లకు అది బాగా తెలుసు. అందులోనూ చస్తాం. ముళ్ల మీద పడతాం, గంటలో పూర్తి చేయకపోతే కథే అయిపోతుంది. అయినా దూకాలా, వేలాడాలా, మెల్లగా అడుగెయ్యాలా అన్నది మన చేతిలో ఉంటుంది. పడినప్పుడు ఎందుకు పడ్డామో తెలుస్తుంది. కష్టం వేరు, విసిగించడం వేరు. ఈ తేడా బిళ్ళంగోడు ఆడిన ప్రతివాడికీ తెలుసు. బిళ్ళ తప్పితే దెబ్బ సరిగా పడలేదని మన చేతికే తెలుస్తుంది.

ఇంకో మాట, డబ్బు గురించి. లాప్‌టాప్‌లో ఎన్నిసార్లు చచ్చినా పైసా ఖర్చు లేదు, అందుకే ఇంత తీరిగ్గా విమర్శిస్తున్నాం. 1983లో మూడు నాలుగుసార్లు చస్తే నాణెం అయిపోయినట్టే. పైగా ఒక గదిలో చస్తే వెంటనే ఆ గదే రాదు. వేరే గదికి తీసుకుపోయి, పాతది తర్వాత ఎప్పుడో చూపిస్తుంది. నేర్చుకున్నది వెంటనే సరిచూసుకునే వీలు లేదు, ఇంకో నాణెం తీయాల్సిందే. 2000 ప్రాంతంలో ఇక్కడ చదివిన అన్నలు ఒక సంగతి చెబుతారు. కాస్మెటిక్ ఛార్జీల్లో మిగుల్చుకున్న రూపాయలు నలుగురు కలిపి, ఆదివారం ఒంగోలు పోయి, వీడియో గేమ్ షాపులో గంట కొనుక్కునేవాళ్లట. కాంట్రా, మారియో. వంతులవారీగా ఆడేవాళ్లు. ఒకడు చస్తే మిగతా ముగ్గురు ఎక్కడ తప్పు చేశాడో చెప్పేవాళ్లు, రెండోవాడు ఆ తప్పు చేయకుండా ఇంకా ముందుకు పోయేవాడు. అదే డబ్బుతో ఆ షాపులో డ్రాగన్స్ లెయిర్ ఉండి ఉంటే నలుగురూ నాలుగు నిమిషాల్లో బయట ఉండేవాళ్లు. జేబు నిండా నాణేలున్నవాడి కోసం చేసిన ఆట అది. లెక్క పెట్టుకుని వచ్చినవాడికి అందులో చోటు లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం. పదో తరగతి తమ్ముడొకడు పట్టుదలగా నోటుబుక్కులో గదుల వారీగా మీటలన్నీ రాసుకున్నాడు. గైడు తయారు చేశాడన్నమాట. వారం తిరిగేసరికి చాలా దూరం పోయాడు. ఉన్నట్టుండి బాగా తెలిసిన గదిలోనే టపీమని చచ్చాడు. చూస్తే ఆ గదే, అద్దంలో బొమ్మలాగా తిరగేసి ఉంది! ఆ ఆటలో కొన్ని గదులు అలా కుడి ఎడమలు మారి వస్తాయి. వాడు ఎడమ అని రాసుకున్నాడు గానీ గదిని చూడలేదు.

వరండాలో అందరూ నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే అది మాకు బాగా తెలిసిన చావు. లెక్కల పేపర్లో అదే లెక్క, అంకెలు మార్చి ఇస్తే గైడు బట్టీ పట్టినవాడికి జరిగేది అచ్చంగా ఇదే. మనలో ఎంతమందికి జరగలేదు? కంఠస్థం తప్పని మేము అనడం లేదు. ఎక్కాలు, పద్యాలు నోటికి రావాల్సిందే. కానీ ఏడో ఎక్కం వస్తే ఏ లెక్కలోనైనా పనికొస్తుంది. డర్క్ కోసం నేర్చుకున్న ఎడమ ఆ గదికే, ఆ అరసెకనుకే. బిట్ బ్యాంకులో మూడో ప్రశ్నకు జవాబు ‘సి’ అని గుర్తుపెట్టుకున్నట్టు. తప్పితే ఎందుకు తప్పిందో తెలియదు, ఒప్పయితే ఎందుకు ఒప్పయిందో అంతకన్నా తెలియదు. పైగా మళ్లీ ప్రయత్నించాలంటే సప్లిమెంటరీ ఫీజు కట్టాలి, నాణెం వేసినట్టే. ట్యూషను పెట్టించుకోగలిగినవాడు నాలుగు నాణేలు వేస్తాడు. మిరప కోతల కూలితో పిల్లవాడిని చదివించే అమ్మ ఎన్ని వేయగలదు?

ఆ తమ్ముడు చివరికి డ్రాగన్‌ను చంపాడు, రాకుమారిని విడిపించాడు. చప్పట్లు కొట్టాం. “ఎట్టా ఉందిరా?” అంటే, “అయిపోయిందన్నా” అన్నాడు. మళ్లీ ఆడలేదు.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో కొందరు హాస్టల్‌కు కంప్యూటర్లు ఇప్పిద్దామని మాట్లాడుకుంటున్నట్టు విన్నాం. ఇప్పిస్తే సంతోషం. ఆటలు కూడా వేయించండి, వద్దనం. అయితే ఎమ్ఐటీ వాళ్లు 2007లో ఇచ్చిన స్క్రాచ్ లాంటిది కూడా ఒకటి వేయించండి. అది ఉచితం. అందులో బొమ్మ ఎటు కదలాలో పిల్లలే చెప్పవచ్చు, చెప్పింది తప్పయితే ఎక్కడ తప్పిందో అక్కడే చూసుకుని మార్చుకోవచ్చు, మార్చినందుకు ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు.

డాన్ బ్లూత్ బొమ్మలు వృథా పోలేదు. లాప్‌టాప్ వెళ్లిపోయాక ఎనిమిదో తరగతి వాళ్లు నోటుబుక్కుల మూలల్లో పేజీకొకటి చొప్పున ఎండ్రకాయ బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. పేజీలు గబగబా తిప్పితే అది మన బీచిలో నడిచినట్టే అడ్డంగా నడుస్తుంది. ముందునుంచి తిప్పితే ఇటు, వెనకనుంచి తిప్పితే అటు. ఒకడి ఎండ్రకాయకు కాళ్లు పది ఉండాలా ఎనిమిదా అని ఇప్పుడు వాదన నడుస్తోంది. సైన్సు మాస్టారు గారిని అడిగి రావడానికి మొన్న సాయంత్రం నలుగురు బయలుదేరారు.